కొన్నవాడికి బాధ్యత లేదా?

"నేను పట్టలేదు, నేను చంపలేదు. అంగట్లో కనిపించింది, డబ్బిచ్చి కొన్నాను. ఇందులో నా తప్పేముంది?" అనేవారికి ఏం సమాధానం చెప్పాలి? ఒక చిన్న ప్రాణి కథ విందాం.

ఉర్దూ కవిత్వంతో పరిచయమున్న వారికి 'సమందర్' అనే పదం తెలిసే ఉంటుంది. సముద్రం అనే అర్థంలో కాదు, నిప్పులో నివసిస్తుందని కవులు ఊహించిన జీవి అనే అర్థంలో. ఇంగ్లీషు చదివినవారు దాన్నే సాలమాండర్ అంటారు. నిజానికి అది నిప్పులో బ్రతకదు. చూడటానికి బల్లిలా ఉన్నా కప్పలాగా అదీ ఉభయచరమే. ఒంటి తడి ఆరిపోతే దాని ప్రాణం పోతుంది.

ఇరాన్‌లోని జాగ్రోస్ పర్వతాల్లో, లోరిస్తాన్, ఖూజిస్తాన్ ప్రాంతాల సెలయేళ్ల దగ్గర ఒక జాతి సమందర్ ఉంది. ప్రపంచంలో మరెక్కడా అది సహజంగా కనిపించదు. శాస్త్రజ్ఞులు 1952లో దానికి పేరుపెట్టారు. జానెడైనా ఉండదు. నల్లని ఒంటిమీద తెల్లని మచ్చలు, వీపు పొడవునా నారింజ రంగు చార. నీళ్లున్న కొద్ది నెలల్లో గుడ్లు పెడుతుంది. ఎండలు ముదిరితే రాళ్ల సందుల్లో దాగి, మళ్లీ తడి వచ్చేదాకా నిరీక్షిస్తుంది.

ఆ అందమే దానికి శత్రువయింది. విదేశాల్లో గాజు తొట్లలో పెంచే సరదాపరుల కోసం వాటిని పట్టి, ఇంటర్నెట్ ద్వారా అమ్మసాగారు. చివరకు ఇరాన్ ప్రతిపాదనపై 2010లో దోహాలో జరిగిన సైటీస్ ఒప్పంద దేశాల సదస్సు, ప్రకృతిలో పట్టిన ఈ జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నిషేధించింది. తరువాత మరికొన్ని సెలయేళ్లలోనూ ఇవి కనిపించడం సంతోషకరమే. అయినా కరువులు, నీటి మళ్లింపు, దొంగ వ్యాపారం అనే ముప్పులు తొలగిపోలేదు.

ఇప్పుడు మన ప్రశ్నకు వద్దాం. పట్టినవాడు "నేను కాకపోతే ఇంకొకడు పడతాడు" అంటాడు. వ్యాపారి "అడిగేవారున్నారు కనుక అమ్ముతున్నాను" అంటాడు. కొన్నవాడు "అప్పటికే పట్టేశారు కదా" అంటాడు. అందరికీ సాకు దొరికింది, సెలయేరు మాత్రం ఖాళీ అయింది! కొన్నవాడు ఇచ్చిన సొమ్ము ఒక జీవికి ధర మాత్రమే కాదు, మరో జీవిని పట్టమని పంపిన కబురు కూడా.

"నేను దాన్ని ప్రేమగా చూసుకుంటాను" అని కొందరంటారు. ప్రాణులను పోషించడం తప్పు కాదు. అబూ ఉమైర్ అనే బాలుడిని దైవప్రవక్త (స) అతని చిన్న పిట్ట గురించి ఆప్యాయంగా పలకరించారు. కానీ ఒక ప్రయాణంలో సహచరులు ఒక పక్షి పిల్లలను తీసుకున్నప్పుడు, తల్లడిల్లుతున్న ఆ తల్లిని చూసి, పిల్లలను తిరిగి ఇచ్చేయమని ఆదేశించింది కూడా ఆయనే (అబూ దావూద్). వాటిని బాగా మేపుతారా లేదా అన్న ప్రసక్తే అక్కడ రాలేదు. ఆ పక్షి రెక్కలల్లార్చి మొరపెట్టుకోగలిగింది. సమందర్‌కు ఆ అవకాశమూ లేదు. దాని తరఫున అడగవలసింది మనమే.

తొట్లలోనే పుట్టి పెరిగినవాటిని చట్టప్రకారం కొనడం వేరే సంగతి. అయితే అది ఎక్కడ పుట్టిందో విచారించవలసిన బాధ్యత కొనేవాడిదే.

ఇది ఇరాన్ సంగతి మాత్రమేనా? మన ఇళ్లలో 'మిఠూ' అని ముద్దుగా పిలుచుకునే రామచిలుకను పట్టడం, అమ్మడం, పంజరంలో ఉంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. ఈసారి మీ అబ్బాయి అంగట్లో పంజరం వైపు వేలు చూపితే ధర అడగకండి. అది ఏ గూటి నుండి వచ్చిందో అడగండి. ఆ ప్రశ్న మీ అబ్బాయి కూడా వినాలి.