గొడుగు పట్టుకున్న పిల్ల

నా స్నేహితురాలి కూతురు డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది. పందొమ్మిదేళ్ల పిల్ల. ఆమధ్య వాళ్లమ్మతో చెప్పుకోలేక మా ఇంటికొచ్చి రెండు గంటలు ఏడ్చింది. సంగతేమిటో మీకు అర్థమయ్యే ఉంటుంది.

"చదువుకున్నదానివి, ఆమాత్రం జాగ్రత్త తెలియదుటే?" అన్నాను ఉండబట్టలేక.

"తెలుసాంటీ. కానీ ముందే కొని బ్యాగులో పెట్టుకుంటే నేనే అన్నీ అనుకుని వచ్చినట్టు కాదూ! అతనేమనుకుంటాడు?"

నా నోరు మూతపడింది.

తెలియక కాదన్నమాట. దొరక్కా కాదు. 1968లోనే ప్రభుత్వం నిరోధ్‌ని పదిహేను పైసలకి మూడు చొప్పున చిల్లర కొట్లలో అమ్మించింది. 72 గంటల్లోపు వేసుకోవలసిన మాత్రకి ఈనాడు డాక్టరు చీటీ కూడా అక్కర్లేదు. కానీ వీధి చివరి మెడికల్ షాపాయనకి వాళ్ల నాన్నగారు బాగా తెలుసు. మూడు రోజులూ ఆ షాపు ముందు తిరిగి, చివరికి తలనొప్పి మాత్ర కొనుక్కుని వచ్చేసిందిట! ఆ కుర్రాడేమో "ఒక్కసారికేమవుతుంది?" అన్నాట్ట. బరువు తనది కానప్పుడు ఎంత ధైర్యమైనా వస్తుంది.

నా చిన్నతనంలో గోడల నిండా ఎర్ర త్రికోణాలే. టీవీలో ఆ ప్రకటన రాగానే నాన్నగారు దగ్గుతూ లేచి వెళ్లిపోయేవారు. కుటుంబ నియంత్రణ లెక్కల్లో ఉన్నది 'అర్హులైన దంపతులు'. పెళ్లికాని పిల్లకి అక్కడ చోటేదీ? గర్భస్రావ చట్టం సైతం సాధనం విఫలమైన సందర్భంలో 'వివాహిత స్త్రీ, భర్త' అన్న మాటలు తీసేసి 'ఏ స్త్రీ అయినా, ఆమె భాగస్వామి' అని 2021లో మార్చుకుంది. మన మనసులే మారలేదు.

మన తీర్పు ఎలా ఉంటుందో గమనించారా? "పాపం, తెలియక చేసింది" అంటే క్షమించేస్తాం. "తెలిసే, అన్నీ సిద్ధం చేసుకుని..." అంటే ఇక ఆ పిల్ల చెడిపోయిందన్నమాటే. అంటే ఆలోచించినదానికంటే ఆలోచించనిదే మనకి మంచి పిల్ల! మరి పిల్లలు అమాయకత్వాన్నే నటించరూ?

"చెబితే మనమే దారి చూపించినట్టు కాదా?" అని మీరడగవచ్చు. ఆ భయం నాకూ ఉంది. తొందరపడొద్దని చెప్పడం తల్లి బాధ్యతే. కానీ వద్దని చెప్పడమూ, తెలియకుండా దాచడమూ ఒకటి కావు. గొడుగు ఇచ్చినందువల్ల వాన రాదు కదా.

మా అమ్మాయికి పదహారేళ్లు. నిన్న మబ్బు పట్టి ఉంటే, కాలేజీకి వెళ్తుండగా గొడుగు చేతికిచ్చాను.

"వాన రాదులే అమ్మా" అంది.

"రాకపోతే మంచిదే. ఉండనీ" అన్నాను.

ఇంకో మాట కూడా చెప్పాలనుకున్నాను. గొంతు దాకా వచ్చి ఆగిపోయింది. అది కాలేజీ నుంచి వచ్చేలోగా కూడగట్టుకోవాల్సిన ధైర్యం నాదే.