తీరానికి చేరిన చెత్త: బాధ్యత ఎవరిది?

అండమాన్ నికోబార్ దీవుల తీరాలలో కనబడే ప్లాస్టిక్ వ్యర్థాలు రెండు విధాలు. ఒకటి యాత్రికులు విడిచిపోయినది. రెండవది సముద్రం మోసుకొని వచ్చినది. స్వరాజ్ ద్వీపంలోని రాధానగర్ తీరం 2020లో విశాఖపట్నపు ఋషికొండతోపాటు ‘బ్లూ ఫ్లాగ్’ గుర్తింపు పొందినది. అటువంటి చోట యాత్రికుడు పారవేసిన సీసాకు బాధ్యుడెవరో చెప్పడం సులభం. ఒకసారి వాడి పారవేసే కొన్ని ప్లాస్టిక్ వస్తువులపై 2022 జూలై 1 నుండి దేశమంతటా నిషేధం అమలులో ఉన్నది. తప్పు చేసినవాడు కనబడతాడు. చట్టం అతనిని చేరగలదు.

రెండవ విధం వద్దనే చిక్కు వస్తుంది. గ్రేట్ నికోబార్ తీరాలలో పరిశోధకులు పరిశీలించిన సీసాలలో అధికభాగం ఇండోనేషియా, థాయిలాండ్, మలేషియా వంటి దేశాల ముద్రలు కలవి. మనం వేయని చెత్తను మనమెందుకు ఎత్తాలి అనే ప్రశ్న సహజం. అది తేలికగా తోసివేయదగినది కాదు. దీవులలో చెత్తను పూడ్చడానికి చోటు తక్కువ. ప్రధాన భూభాగానికి పంపాలంటే వేయి కిలోమీటర్లకు పైగా నౌకాప్రయాణం. ఆ వ్యయమంతా తప్పు చేయనివారిపై పడుతుంది.

అయితే తప్పును, కర్తవ్యాన్ని వేరుచేసి చూడవలసి ఉన్నది. తప్పు అనేది చేసినవానికి సంబంధించినది. కర్తవ్యం సంరక్షకునికి సంబంధించినది. గలాథియా అఖాతపు ఇసుకలో గుడ్లు పెట్టే లెదర్‌బ్యాక్ తాబేలుకు ప్రధానాహారం జెల్లీచేప. నీటిలో తేలే సంచిని జెల్లీచేపగా భ్రమించి మింగితే దాని ప్రాణానికే ముప్పు. ఆ సంచి ఏ దేశానిదైనా, ఆ ఒడ్డు మన అధీనంలో ఉన్నది. 1976లో రాజ్యాంగంలో చేరిన 51ఎ(జి) అధికరణం ప్రకృతిని సంరక్షించడం, ప్రాణుల పట్ల కరుణ చూపడం ప్రతి పౌరుని విధిగా పేర్కొన్నది. మాలిన్యం ఎవరు చేశారన్న విచారణ అందులో షరతుగా లేదు.

చరిత్ర మరొక సంగతి చెబుతుంది. పదకొండవ శతాబ్దంలో చోళ నౌకలు ఈ సముద్రాన్ని దాటినవి. రాజేంద్ర చోళుని తంజావూరు శాసనం నికోబార్‌ను ‘మానక్కవారం’ అని పేర్కొన్నది. ఇచటి ప్రవాహాలు ఋతుపవనాలతో దిశ మార్చుకొంటాయి: నైరుతి కాలంలో తూర్పుకు, ఈశాన్య కాలంలో పడమరకు. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుండి వచ్చి దీవులలో స్థిరపడిన తెలుగు మత్స్యకార కుటుంబాలకు ఈ నీటి నడక తెలిసినదే. నాడు నౌకలు సాగిన సముద్రం మీదనే నేడు చెత్త సాగుతున్నది. మన కాలువలు కడలిలో కలిపినది కూడా ఏదో ఒక పరాయి ఒడ్డుకు చేరగలదు. అచట మన ముద్రయే విదేశీ ముద్ర.

మనం ఊడ్చినంతమాత్రాన చేసినవాని బాధ్యత తీరిపోదు. ప్లాస్టిక్ కాలుష్యంపై అంతర్జాతీయ ఒప్పందం కోసం 2022లో నైరోబీలో తీర్మానం జరిగినది. 2025 ఆగస్టులో జెనీవా సమావేశం అంగీకారం లేకుండానే ముగిసినది. బాధ్యుల లెక్క తేల్చే ఆ పని సాగవలసినదే. లెక్క తేలేవరకు చీపురు పక్కన పెట్టే హక్కు మాత్రం సంరక్షకునికి లేదు.