ఇంట్లో తప్పు ఎవరిది?



"మావాడొక్కడు మారితే మా ఇల్లు స్వర్గమే ఫాదర్‌గారూ!" ఈ మాట వినని విచారణ గురువు ఉండరు. తాగే కొడుకో, బడి మానేసిన పిల్లో, ముభావంగా ఉండే కోడలో, ఎవరో ఒకరిని వేలెత్తి చూపిస్తారు. తక్కినవారంతా క్షేమమే అన్నట్టు!

అమెరికాలో ముర్రే బోవెన్ అనే మానసిక వైద్యుడు ఉండేవాడు. 1954 నుండి బెథెస్డాలోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థలో, స్కిజోఫ్రేనియా రోగులను మొదట తల్లులతోను, తరువాత తండ్రులు, తోబుట్టువులతోను కలిపి వార్డులోనే ఉంచి గమనించాడు. రోగిని ఒంటరిగా చూసినప్పుడు కనబడనిది అక్కడ కనబడింది. ఒకరి ఆందోళన మరొకరికి పాకుతోంది. 1959లో యేసుసభకు చెందిన జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయానికి వెళ్ళి, 1990లో మరణించేవరకు ఈ ఆలోచననే పెంచాడు. దీనినే కుటుంబ వ్యవస్థా సిద్ధాంతం అంటారు. (ఆ జబ్బుకు తల్లి పెంపకమే కారణమని ఆ రోజుల్లో పలువురు వైద్యులు నిందించారు. అది నిలవలేదు. మందులు మాత్రం మానకూడదు.)

ఆయన చెప్పిన వాటిలో మనకు బాగా పనికివచ్చేది త్రికోణం. ఇద్దరి మధ్య బిగువు పెరిగితే మూడోవారిని లాగుతారు. భార్యాభర్తలకు మాటల్లేవు. "మీ నాన్నని అన్నానికి రమ్మను" అని తల్లి, "ఆకలి లేదని చెప్పు" అని తండ్రి. మధ్యలో ఎనిమిదేళ్ళ పిల్ల! కొన్నాళ్ళకు దానికి కడుపునొప్పి వస్తుంది. అప్పుడు ఇద్దరూ కలిసి ఆసుపత్రికి పరుగెడతారు. ఎవరూ పన్నిన ఉపాయం కాదిది. కానీ పిల్ల జబ్బుతో ఉన్నంతకాలం ఇంట్లో తగువు ఉండదు.

ఇది తరాలవెంట దిగుతుందన్నాడు బోవెన్. ఆదికాండము తెరవండి. ఈసాకుకు ఏసావు ముద్దు, రిబ్కాకు యాకోబు ముద్దు. ఆ ఇంట పెరిగిన యాకోబు తానూ యోసేపునే ఎక్కువగా ప్రేమించాడు. తక్కిన కొడుకులు ఏంచేశారో మీకు తెలుసు. అందుకే ఈ వైద్యులు కనీసం మూడు తరాల వంశవృక్షం గీయించి, ఎవరు ఎవరితో తెగతెంపులు చేసుకున్నారో అడుగుతారు. తీర్పరిగా ఎవరి పక్షమూ వహించరు.

మరి పాపం ఎవరిది? తాత తాగాడు, తండ్రి తాగాడు, నేనూ తాగుతున్నాను, నా తప్పేముంది అనవచ్చునా? తండ్రుల దోషం బిడ్డలకు అంటుతుందనే సామెతను యెహెజ్కేలు ప్రవక్త 18వ అధ్యాయంలో త్రోసిపుచ్చాడు. అలవాట్లు, మానసిక, సామాజిక కారణాలు నేరభారాన్ని తగ్గించవచ్చునని, ఒక్కోసారి తొలగించవచ్చునని కూడా 1992 నాటి శ్రీసభ సత్యోపదేశం 1735వ సంఖ్యలో అంగీకరిస్తుంది. నా దృష్టిలో ఈ రెండూ కలిపి చదవాలి. నా గాయానికి నేను కారకుణ్ణి కాకపోవచ్చు. రేపు నా బిడ్డకు నేను చేయబోయేది నాదే.

ఒకచోట మాత్రం ఈ సిద్ధాంతాన్ని అడ్డుపెట్టుకోరాదు. భర్త కొడుతుంటే "ఇద్దరి పాత్రా ఉంది" అనడం అన్యాయం. 1970ల చివరినుండి ఈ రంగంలోని మహిళలే ఈ లోపాన్ని ఎత్తిచూపారు. దెబ్బకు బాధ్యత కొట్టిన చేతిది. ముందు ఆమెకు రక్షణ కావాలి. సర్దుకుపొమ్మని పంపే పెద్దలకు, గురువులకు కూడా చెబుతున్నాను.

తక్కిన ఇళ్ళలో, ఇల్లంతా ఒకేసారి మారనక్కరలేదని, ఒక్కరు తమ వంతు మార్చుకున్నా మొదలవుతుందని బోవెన్ అనుభవం. పాపసంకీర్తనంలో అత్త పాపాలు చెప్పే కోడలిని, కోడలి పాపాలు చెప్పే అత్తను గురువు అడిగేదీ అదే: "నీ సంగతి చెప్పమ్మా."

ఆ పిల్ల తల్లి ఈ రాత్రి బిడ్డను పంపకుండా తానే వెళ్ళి "అన్నానికి రండి" అనవచ్చు. ఆయన వెంటనే లేచి రాడు. "ఇవాళ నీకేమయింది?" అని కసురుకోవచ్చు. ఒకరు మారితే, పాతదారికే రమ్మని ఇల్లు లాగుతుందని బోవెన్ ముందే చెప్పాడు. రేపు రాత్రి కూడా ఆమే వెళ్ళి పిలవాలి.