తుఫాను రాత్రి ఊరికి రావద్దు

కోహెడ



టీవీలో తుఫాను మాట వినబడితే చాలు, హైదరాబాద్‌లో నౌకరీ చేసే కోహెడ పిల్లల కాళ్లు ఒక చోట నిలవవు. ఇంట్లో ముసలివాళ్లు ఇద్దరే ఉన్నారు, కల్లంలో వడ్లు ఉన్నాయి, ఒక్క పూట పోయి చూసి వస్తే సరిపోతుందని బండి తీస్తారు. ఆ ఆరాటాన్ని ఎవరూ తప్పు పట్టరు. తప్పంతా అది పుట్టే వేళలోనే ఉంది. ఎండ కాస్తున్న సోమవారం రావాల్సిన మనుమడు, వాగులు పారుతున్న బుధవారం రాత్రి బయల్దేరుతానంటే తాతకు అది సాయం కాదు, ఇంకో దిగులు. ఈ ఉత్తరం రాస్తున్నది ఆ మాట చెప్పడానికే.

తుఫాను అంటే కోస్తా వాళ్ల బాధ అని మన దగ్గర ఒక ధీమా ఉంది. కోహెడ నుంచి సముద్రం 250 కిలోమీటర్ల పైమాటే. కెరటాలు ఊరి మీద పడడం ఇక్కడ ఎవరూ చూడలేదు. 1977 నవంబర్ 19న ఉప్పెన దివిసీమను ముంచేసి వేల మందిని పొట్టన పెట్టుకుంటే, ఇక్కడివాళ్లకు అది రేడియోలో విన్న వార్త, పేపర్లో చూసిన ఫొటో. అది కళ్లతో చూసినవాళ్ల పిల్లలు, మనుమలు ఇప్పుడు మైకులో చెప్పగానే మూటాముల్లే సర్దుకుని షెల్టరుకు నడుస్తారు. అంత నష్టపోయాక వచ్చిన అలవాటది. మన మెట్ట ఊళ్లకు ఆ దెబ్బా తగల్లేదు, ఆ అలవాటూ రాలేదు. ఇక్కడ ఇంకా "ఏం గాదు తియ్" అనేవాడే మొగోడు.

మొంథా తుఫాను ఆ ధీమాను ఒక్క రోజులో తీసేసింది. 2025 అక్టోబర్ 28 రాత్రి అది నరసాపురం దగ్గర తీరం దాటింది. వెచ్చటి సముద్రపు ఆవిరే తుఫానుకు బలం. నేల మీదికి వస్తే ఆ బలం తెగిపోయి గాలి తగ్గుతుంది. మోసుకొచ్చిన తేమ మాత్రం ఎక్కడికీ పోదు, దారిలో ఎక్కడో ఒక చోట కుమ్మరించాల్సిందే. మర్నాడు బుధవారం అది హుస్నాబాద్, హనుమకొండ వైపు కుమ్మరించింది. పక్కనే ఉన్న భీమదేవరపల్లిలో ఆ ఒక్క వానే 40 సెంటీమీటర్లు దాటింది. ఏడాదంతా పడాల్సిన దాంట్లో మూడో వంతు కన్నా ఎక్కువ. హుస్నాబాద్ మార్కెట్ యార్డులో ఆరబోసిన వడ్లు రైతుల కళ్ల ముందే కొట్టుకుపోయాయి. వరదలో కలిసిన గింజలను దోసిళ్లతో ఎత్తుకుంటున్నవాళ్లను రాష్ట్రమంతా చూసింది. అదే వానలో అక్కన్నపేట మండలంలో బైక్ మీద వాగు దాటబోయిన ఒక జంట తిరిగి రాలేదు. ఇద్దరూ చిన్న వయసువాళ్లే.

మన మోయతుమ్మెద వాగు సంగతి వేరే చెప్పాలా? ఎండకాలంలో ఇసుక తప్ప ఏమీ కనబడని వాగది. పైన చెరువులు మత్తళ్లు దుంకితే కొన్ని గంటల్లోనే ఒడ్లు మరిచిపోయి, కరీంనగర్ దగ్గరి లోయర్ మానేరు దాకా ఎర్రగా పారుతుంది. 2020 ఆగస్టులో బస్వాపూర్ దగ్గర ఆ వాగు ఒక లారీనే తోసుకుపోయింది. క్లీనర్ బయటపడ్డాడు, డ్రైవర్ దక్కలేదు. లారీకే లేని భరోసా నూరు సీసీల బండికి ఎక్కడి నుంచి వస్తుంది?

2024 సెప్టెంబర్ మొదటి తారీఖున మరిపెడ దగ్గర ఆకేరు వాగులో జరిగింది కూడా ఇట్లాంటిదే. శాస్త్రవేత్తగా పనిచేస్తున్న కూతురిని విమానం ఎక్కించడానికి తండ్రి కారులో శంషాబాద్ బయల్దేరాడు. దారి తెలిసినదే, తొందర న్యాయమైనదే. వాగు ఇద్దరినీ తీసుకుపోయింది. వాళ్ల తెలివిని తప్పు పట్టే హక్కు ఎవరికీ లేదు. చీకట్లో రోడ్డు మీది నీళ్లు లోతు చెప్పవు, కింద రోడ్డు ఉందో కోసుకుపోయిందో అసలే చెప్పవు. పారే నీళ్లు మోకాలి దాకా కూడా రానక్కర లేదు, పిక్కల దాకా వస్తే చాలు, మనిషి తూలిపోతాడు. అడుగు లోతుంటే చిన్న కారు తేలడం మొదలవుతుంది. రెండడుగులకు పెద్ద బండ్లు కూడా పక్కకు జరుగుతాయి. కారు బరువును నమ్ముకునేవాళ్లు మరిచిపోయేది ఒకటుంది: ఘనపు మీటరు నీళ్లు టన్ను బరువు, అదీ పరుగులో ఉన్న టన్ను.

అమెరికాలో ఫ్లోరిడాకు పోయిన మనవాళ్లను అడిగితే ఇంకో పద్ధతి చెబుతారు. 2024 అక్టోబర్ 9 రాత్రి మిల్టన్ తుఫాను అక్కడి పడమటి తీరాన్ని తాకింది. అక్కడ ఏ ఇల్లు ముంపులో ఏ వరుసలో ఉందో ఏ, బీ, సీ అని అక్షరాలతో ముందే రాసి పెట్టి ఉంటుంది. ఫలానా అక్షరం వాళ్లు ఖాళీ చేయాలని చెబితే, రెండు రోజుల ముందే కార్లలో పెట్రోలు నింపుకుని పిల్లాజెల్లాతో దూరపు ఊళ్లకు పోతారు. కోహెడ ఇండ్లకు ఎవరూ అక్షరాలు రాయలేదు. ఏ వాన పడితే ఏ కల్వర్టు మునుగుతుందో, హుస్నాబాద్ దారి ఎక్కడ తెగుతుందో, సిద్దిపేట వైపు ఏ మలుపు దగ్గర నీళ్లు నిలుస్తాయో ఇంటి పెద్దలే చెప్పి పెట్టాలి, పిల్లలే అడిగి తెలుసుకోవాలి. హైదరాబాద్ వాతావరణ కేంద్రం వాన ముప్పును బట్టి జిల్లాలకు పసుపు, నారింజ, ఎరుపు రంగులు వేస్తుంది. పసుపు ఉన్న రోజే పని మొదలు కావాలి. నారింజ రోజుకు ముగియాలి. ఎరుపు రోజు ఎవరూ గడప దాటొద్దు, అంతే.

ఇక పసుపు రోజు ఊరికి వచ్చే మనుమడికి చేతినిండా పని ఉంది. మొదట వెనక అర్ర మట్టిగోడ చూడాలి. మట్టిగోడ వాన కురుస్తుండగా కూలుతుందని చాలామంది అనుకుంటారు. చాలాసార్లు అది నిలబడే నానుతుంది. వాన తెరిపిచ్చాక, అమ్మయ్య అనుకుని పడుకున్న రాత్రి కూలుతుంది. నాన్నమ్మ మంచం ఆ గోడ పక్కనే ఉంది. దాన్ని ముందర అర్రలోకి జరపడానికి పది నిమిషాలు పట్టదు, కానీ ఆమెను ఒప్పించడానికి ఒక పూట పడుతుంది. అందుకే మనిషే రావాలి, ఫోన్ చాలదు.

తర్వాత పెరట్లో బట్టలారేసే దండెం. అది జీఐ తీగ. ఒక కొస రేకుల షెడ్డు ఇనుప గుంజకు, ఇంకో కొస బోరు మోటరు సర్వీసు వైరు పక్కన. రేకులకు కరెంటు తగిలితే తీగ మొత్తం కరెంటే, తడి చీర ఆరేయబోయిన చేయి దాన్ని వదలదు. మన పల్లెల్లో వానకాలం ఇట్లా పోయిన ఆడవాళ్లు ఎందరో. దాన్ని కోసేసి నైలాన్ తాడు కట్టు. ఈ పని తుఫాను దాకా ఆగనక్కర కూడా లేదు. కరెంటు తీగ తెగి పడితే ఎవరూ ముట్టకుండా 1912కు ఫోన్ చేయాలని ఇంట్లో గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టు, తాతకు చత్వారం.

కరెంటు పోతే బోరు నడవదు, మిషన్ భగీరథ నల్లా కూడా రాకపోవచ్చు. డ్రమ్ములు, బిందెలు ముందే నిండాలి. బీపీ, షుగరు గోలీలు వారానికి సరిపడా ఉండాలి. పాసుపుస్తకం, ఆధార్, బ్యాంకు పుస్తకం పాలిథిన్ కవర్లో చుట్టి అటుక మీదికి. కొట్టంలో బర్రెలకు పలుపు విప్పేసి ఉంచాలి. గొడ్డు ఈదగలదు, గుంజకు కట్టేస్తేనే మునుగుతుంది. వాడలో నెలలు నిండిన ఆడబిడ్డ ఉంటే ఆమెను ముందు రోజే సిద్దిపేట దవాఖానకు చేర్చే బండి మాట్లాడాలి. 108 వస్తుంది కానీ వాగు అవతలే ఆగిపోతుంది.

వడ్ల దగ్గర కొంచెం ఆగుదాం, ఎక్కువ మంది ప్రాణం మీదికి తెచ్చుకునేది అక్కడే. గ్రేడ్ ఏ వడ్లకు 2025–26 మద్దతు ధర క్వింటాలుకు 2,389 రూపాయలు. తేమ 17 శాతం దాటితే కొనుగోలు కేంద్రంలో కాంటా పెట్టరు. అందుకే రైతు రోజుల తరబడి రోడ్డు మీద ఆరబోసి కాపలా కాస్తాడు, వాన రాగానే పరదా పట్టుకుని పరుగెత్తుతాడు. పరుగు అక్కర లేకుండా చేసుకోవచ్చు. హెచ్చరిక రాగానే కోత ఆపాలి. కోసినవి ఎత్తు మీద కుప్ప చేసి, కింద ఒకటి, పైన ఒకటి పరదా వేసి, చుట్టూ కాలువ తీయాలి. పొలంలో పడిపోయిన వరి మొలకెత్తకుండా నీళ్లు తీసేసి, లీటరు నీళ్లకు 50 గ్రాముల ఉప్పు కలిపి వెన్నుల మీద చల్లమని వ్యవసాయ అధికారులు చెబుతారు. అది పనిచేస్తుంది, ఖర్చూ తక్కువ. ఇంత చేశాక కూడా కుప్ప కొట్టుకుపోతే పోనీ. పిడుగులు పడే వేళ పరదా అంచు పట్టుకుని కల్లంలో నిలబడే కొడుకు ఏ తల్లికీ వద్దు.

ఒక సంగతి మాత్రం మన వాడ పెద్దమనుషులు కూడా మరిచిపోతున్నారు. నాట్లకు, కాంటాల దగ్గర హమాలీకి బీహార్ నుంచి వచ్చిన పిల్లలు రేకుల షెడ్లలో, పరదా గుడారాల్లో ఉంటారు. తెలుగులో వచ్చే హెచ్చరిక వాళ్లకు అర్థం కాదు. ఈ ఊళ్లో ఏ వాగు ఎటు పొంగుతుందో వాళ్లకు చెప్పిన దిక్కు లేదు. హిందీ వచ్చిన మనుమడు ఆ గుడారాల దాకా నడిచి, బడి వరండాలో పడుకోమని చెప్పి, సర్పంచ్‌తో తాళం తీయించి వస్తే, మన ఇంటి పనుల జాబితాలో అదీ ఒకటని తాత లెక్క.

వాన వెలిసినాక నష్టం రాసుకునేవాళ్లు వస్తారు. మొంథా తర్వాత ప్రభుత్వం ఎకరాకు 10 వేల రూపాయల సాయం ప్రకటించింది. చేను నీళ్లలో ఉన్నప్పుడే ఫొటోలు తీసి పెట్టుకుంటే మాట నిలుస్తుంది. అయితే కాగితాల్లో ఉండేది పట్టాదారు పేరు. మన చెరువు కింది రెండెకరాలు కౌలుకు చేస్తున్నవాడి పేరు ఏ కాగితంలోనూ లేదు. విత్తనం అతనిది, ఎరువు అతనిది, అప్పూ అతనిదే. సాయం డబ్బు నీ నాయన ఖాతాలో పడితే అది ఇంట్లో ఆగకూడదు, మొత్తం అతని చేతిలో పెట్టి రావాలి. పంట పోయిన ఏడు కౌలు అడగొద్దని నీ నాయనతో తాత ఇప్పటికే చెప్పాడు. ఆయన విననట్టే ఊరుకున్నాడు. నువ్వూ ఒక మాట చెప్పు.

ఇట్లు,
మీ తాత