అనాతోతు పొలం

చదువవలసిన భాగం: యిర్మీయా 32:1–25

పొలం కొనేముందు మనవాళ్లు ఎన్నో ఆరా తీస్తారు. హద్దులు తేలి ఉన్నాయా, నీరు పారుతుందా, తగాదాలేమైనా ఉన్నాయా, రేపు పిల్లలకు పనికొస్తుందా అని పదిమందిని అడుగుతారు. ఆ లెక్కన చూస్తే యిర్మీయా కొన్న పొలం జోలికి ఎవరూ పోరు.

అది క్రీ.పూ. 587 ప్రాంతం. యూదాలో సిద్కియా రాజ్యానికి వచ్చి పదో ఏడు. బబులోను సైన్యం యెరూషలేము చుట్టూ విడిసింది. గోడలకు ఎదురుగా ముట్టడి దిబ్బలు లేస్తున్నాయి. లోపల కరవు, తెగులు. పట్టణం శత్రువు చేతికి పోతుందని దేవుని మాటగా చెప్పినందుకు రాజు యిర్మీయాను చెరసాల ఆవరణలో పెట్టించాడు. అక్కడికి అతని తండ్రి తోడబుట్టిన షల్లూము కొడుకు హనమేలు వచ్చి, అనాతోతులో తనకున్న పొలం కొనమన్నాడు. కుటుంబపు నేల చెయ్యి దాటిపోకుండా దగ్గరి బంధువు విడిపించుకోవాలని ధర్మశాస్త్రం చెబుతుంది (లేవీయకాండము 25:25). ఆ హక్కు యిర్మీయాది. కానీ అనాతోతు యెరూషలేముకు ఈశాన్యాన సుమారు 5 కిలోమీటర్ల దూరంలో, కోట గోడల అవతల, సైన్యం తిరుగుతున్న వైపు ఉంది.

ఇంకా ఉంది. అనాతోతు యిర్మీయా సొంతూరు. ప్రవచించడం మానకపోతే ప్రాణం తీస్తామని ఒకప్పుడు బెదిరించింది ఆ ఊరివాళ్లే (11:21). పోనీ పిల్లల కోసం కొందామన్నా, పెళ్లి చేసుకోవద్దని, పిల్లల్ని కనవద్దని దేవుడే అతనికి చెప్పాడు (16:2). మన ఇళ్లలో భూమి కొనేదే ముందు తరం కోసం. ఇతనికి ఆ తరమే లేదు. పైగా అంతకుముందు ముట్టడి కాస్త సడలిన రోజుల్లో బెన్యామీను సీమలో తన వాటా సంగతి చూసుకుందామని బయలుదేరితే, పట్టణ ద్వారం దగ్గరే పట్టుకుని, శత్రువుల్లో చేరిపోతున్నావని కొట్టి బందీఖానాలో వేశారు (37:11–15). ఇన్ని జరిగాక సొంతూరి నేల మాట ఎత్తితే విసుక్కున్నా తప్పనలేం.

యిర్మీయా విసుక్కోలేదు. ఎందుకంటే హనమేలు వస్తాడని దేవుడు ముందే చెప్పాడు. అయితే ఇక్కడొక సంగతి జాగ్రత్తగా చూడాలి. మాట వినగానే యిర్మీయా కబురు పంపలేదు, వెండి సిద్ధం చేసుకుని కూర్చోలేదు. హనమేలు తనంతట తాను వచ్చి అవే మాటలు అన్నాక, ఇది యెహోవా మాటేనని అప్పుడు తెలుసుకున్నానంటాడు (32:8). అప్పటికి 40 ఏళ్లుగా ప్రవక్తగా ఉన్నవాడు! అంత అనుభవమున్నవాడు కూడా ఒక మాట దేవునిదని రూఢి చేసుకోవడానికి కనిపెట్టుకుని ఉన్నాడు. కూతురి సంబంధం గురించో, ఉద్యోగం మారడం గురించో, ఆపరేషన్ గురించో ప్రార్థన చేసి, స్పష్టత రాక, తమ విశ్వాసంలోనే లోపముందని కుమిలిపోయేవాళ్లకు ఈ ఒక్క వచనం ఎంతో ఊరట. ఎదురుచూడడం అవిశ్వాసమని ఎవరైనా అంటే నమ్మకండి.

తెలిసిన తరువాత మాత్రం అతను చేసిన పని చూడండి. 17 తులాల వెండి త్రాసులో తూచాడు. ఈనాటి కొలతలో సుమారు 200 గ్రాములు. క్రయపత్రం రాయించి ముద్ర వేశాడు. సాక్షుల చేత సంతకాలు పెట్టించాడు. ముద్ర వేసిన ప్రతి ఒకటి, విప్పి చదువుకోవడానికి ముద్ర లేని ప్రతి ఒకటి, రెండూ తన లేఖకుడు, నేరీయా కొడుకు బారూకు చేతికి అందరి ఎదుటా ఇచ్చాడు. చాలా రోజులు నిలిచేలా మట్టి కుండలో పెట్టమన్నాడు. ఆ ఎండ సీమలో కుండ మంచి పెట్టెతో సమానం. 1947లో మృత సముద్రం పక్కన కుమ్రాను గుహల్లో బయటపడిన చుట్టల్లో కొన్ని అలా కుండల్లోనే దాదాపు 2000 ఏళ్లు నిలిచాయి. పట్టణం కూలబోతోందని అందరికన్నా బాగా తెలిసిన మనిషి, మన రిజిస్ట్రేషన్ ఆఫీసులో కాగితాలు ఒకటికి రెండుసార్లు సరిచూసుకునే రైతులా, ఒక్క అంచె కూడా వదలకుండా చేశాడు. ఈ దేశంలో ఇళ్లు, పొలాలు, ద్రాక్షతోటలు మళ్లీ కొంటారని దేవుడన్నాడు. ఆ మాట నమ్మినవాడు పత్రం సరిగ్గా రాయిస్తాడు.

ఇదంతా అయ్యాకే యిర్మీయా ప్రార్థన మొదలుపెట్టాడు. స్తుతితో మొదలైన ఆ ప్రార్థన అయోమయంలో ఆగిపోతుంది. దిబ్బలు కళ్లముందున్నాయి, పట్టణం పోయినట్టే, అయినా సాక్షుల్ని పిలిచి పొలం కొనమంటున్నావు ప్రభువా, అని అక్కడితో ఆపేశాడు. అర్థమైనట్టు నటించలేదు. నాకు ఈ అధ్యాయంలో అన్నిటికన్నా విలువైనది ఈ వరుసే: ముందు విధేయత, వెనుక ప్రశ్న. ప్రశ్న అడిగినందుకు దేవుడు కోపగించుకోలేదు, ఓపికగా బదులిచ్చాడు.

నిరీక్షణను మనం మనసులో కలిగే ధైర్యమనుకుంటాం. అది రాకపోతే ప్రార్థన పనిచేయలేదనుకుంటాం. యిర్మీయాకు ఆ రోజు ఎలాంటి ధైర్యం కలిగిందో గ్రంథంలో లేదు. చేసిన పని మాత్రం ఉంది. ఇంట్లో మనిషి మంచం పట్టి ఉండగా పిల్లవాడి ఫీజు కట్టడం, పంట పోయిన ఏడు కూడా మళ్లీ విత్తనాలు తెచ్చుకోవడం, ఏళ్ల తరబడి మాటల్లేని అన్నకు ఫోన్ చేసి ఎలా ఉన్నావన్నా అని అడగడం, ఇవన్నీ ఆ కోవలోవే. అయితే ఈ భాగాన్ని చూపించి, విశ్వాసంతో కొంటే ధర రెట్టింపవుతుందని బోధించేవాళ్లున్నారు. అది అన్యాయం. యిర్మీయాకు ఆ పొలం నుంచి ఒక్క గింజ ఇంటికి వచ్చినట్టు ఎక్కడా లేదు.

ఈ కథకు ముందున్న 31వ అధ్యాయంలోనే దేవుడు కొత్త నిబంధన చేస్తానన్నాడు. ఆ మాట ఆరు శతాబ్దాల తరువాత అదే యెరూషలేములో, మేడగదిలో నెరవేరింది. తెల్లవారితే సిలువ అని తెలిసీ, అప్పగించేవాడు అదే బల్ల దగ్గర కూర్చుని ఉండగా, యేసు గిన్నె పట్టుకుని కృతజ్ఞతలు చెప్పి, కొత్త నిబంధన మాట పలికి శిష్యులకిచ్చాడు (లూకా 22:20). బల్ల ఆరాధనలో రొట్టె, ద్రాక్షారసం తీసుకునే మనకు నిరీక్షణ ఎక్కడినుంచి వస్తుందో వేరే వెతుక్కోనక్కర్లేదు.

క్రీ.పూ. 586లో యెరూషలేము కాలిపోయింది. యిర్మీయాను సొంత జనమే ఐగుప్తుకు తీసుకుపోయారు. అతను ఆ పొలంలో కాలు పెట్టినట్టు బైబిలు ఎక్కడా చెప్పదు. దాదాపు 50 ఏళ్ల తరువాత పారసీక రాజు కోరెషు యూదులను తిరిగి వెళ్లనిచ్చాడు. అలా తిరిగొచ్చినవాళ్ల జాబితా ఎజ్రా రెండో అధ్యాయంలో ఉంది. ఊరి పేర్లు, అంకెలు తప్ప ఏమీ లేదని సాధారణంగా దాటేస్తాం. ఈసారి 23వ వచనం దగ్గర ఆగండి. అనాతోతువారు 128 మంది.

ప్రార్థన: తండ్రీ, ఈ రోజు మేము చేయవలసిన పని ఏదో మాకు చూపించు. చూపించాక వాయిదా వేయకుండా, సగంలో వదలకుండా చేసే మనసివ్వు. అర్థంకానివి నిన్నే అడుగుతాము, విసుక్కోకుండా విను. మేము చేసిన పని ఫలం మేము చూడకపోయినా మా తరువాతివారిని చూడనివ్వు. యేసు నామమున అడుగుతున్నాము తండ్రీ, ఆమేన్.