చొక్కా వరకే

తెనాలి

చిరంజీవి సాహితికి అమ్మమ్మ ఆశీస్సులు.

మీ నాన్న పంపిన కంపెనీ కాగితాలు అందాయి. ఫోనులో చదివితే కళ్లు లాగుతున్నాయని పక్కింటి కుర్రాడి చేత ప్రింటు తీయించుకున్నాను. నన్ను సలహా అడగలేదని తెలుసు. "చూశారా అత్తయ్యగారూ, మన పిల్లకి స్పాన్సర్ దొరికాడు" అని సంతోషం పంచుకున్నారంతే. నేనూ మురిసిపోయాను. ఆ తర్వాత ఎర్ర పెన్ను తీసి గీతలు పెట్టడం మొదలుపెట్టాను. డ్రిల్లు టీచరు బుద్ధి ఎక్కడికి పోతుంది?

సంక్రాంతికి వచ్చినప్పుడు అరిసె కొరుకుతూ ఒక మాటన్నావు. అకాడెమీలో అందరి చొక్కాల మీదా ఏదో ఒక పేరుంది, నాదే బోసిగా ఉంది అని. 1996 ప్రపంచకప్‌లో సచిన్ బ్యాటు కూడా బోసిదే తల్లీ. స్టిక్కరు లేని ఆ బ్యాటుతోనే 523 పరుగులు కొట్టి టోర్నీలో అందరికన్నా పైన నిలిచాడు. ఎం.ఆర్.ఎఫ్. అక్షరాలు దాని మీదికి తర్వాతే వచ్చాయి. వచ్చాక మన వీధి పిల్లలంతా వాటిని స్కెచ్ పెన్నులతో తమ బ్యాట్ల మీద రాసుకునేవాళ్లు. మీ మావయ్యయితే నా దుప్పట్లుతికే కర్ర మీద కూడా రాశాడు.

పేరు వేసుకోవడం తప్పని నేననను. గోపీచంద్ 2001లో ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ గెలిచొచ్చాక కూల్‌డ్రింక్ ప్రకటన వద్దన్నాడు. గొప్ప సంగతే. కానీ ఆ పని అందరూ చెయ్యలేరు, చెయ్యాలనీ లేదు. సింధు 2019లో లీ నింగ్ కంపెనీతో నాలుగేళ్లకి ఒప్పందం చేసుకుంటే సుమారు 50 కోట్లని పేపర్లు రాశాయి. ఆడేవాళ్లకి డబ్బు రావాల్సిందే. రాకెట్ గట్టింగులకీ, షటిళ్లకీ, టోర్నీల ప్రయాణాలకీ మీ నాన్న ఎంత పోస్తున్నారో నాకు తెలుసు. మోపర్రు పొలం సంగతీ తెలుసు, నా దగ్గర దాచక్కర్లేదని చెప్పు.

మరి పేచీ ఎక్కడంటే, ఒంటి మీద ఏది ఎవరిది అన్న దగ్గర. 2019 ప్రపంచకప్‌లో ధోనీ కీపింగ్ గ్లౌజుల మీద సైన్యం బాకు గుర్తు కనిపించిందనీ, తీసెయ్యాలనీ ఐసీసీ చెప్పినప్పుడు మీ తాతయ్య టీవీ ముందు నిలబడి వేసిన కేకలు నీకు గుర్తుండే ఉంటాయి. నీకప్పుడు పదేళ్లుంటాయేమో. గ్లౌజు మీద ఏ గుర్తులుండొచ్చో నిబంధనల్లో రాసి ఉంది, ఇది అందులో లేదు. దేశం మీద ప్రేమకి కూడా మినహాయింపు లేదా అని ఆయన గోల. ఒకరికిస్తే రేపు ఇంకొకరు ఇంకో గుర్తుతో దిగుతారు కదా అని నేనన్నందుకు ఆ పూట కాఫీ ముట్టలేదు. తర్వాతి మ్యాచికి ధోనీ ఆ గుర్తు లేకుండానే వచ్చాడు.

ఈ నిబంధనల వెనకున్న లెక్క మామూలు వ్యాపారమే. టోర్నీకి డబ్బు పెట్టినవాడు అక్కడ తన పోటీదారు పేరు కనబడకూడదంటాడు. ఆటని నడిపే సంఘం తన జట్టు దుస్తుల్ని ఒకరికి అమ్ముతుంది. ఆటగాడు తన ముఖాన్ని ఇంకొకరికి అమ్ముకుంటాడు. మూడు కాగితాలూ వచ్చి ఒకే ఒంటి మీద తగువులాడుకుంటాయి. 2002లో శ్రీలంకలో చాంపియన్స్ ట్రోఫీకి ముందు మన క్రికెటర్లకీ ఐసీసీకీ నడిచిన పెద్ద రగడ ఇదే. 1974 ఫుట్‌బాల్ ప్రపంచకప్‌లో నెదర్లాండ్స్ చొక్కా అడిడాస్ వాళ్లది, చేతుల మీద మూడు చారలు. వాళ్ల క్రైఫ్‌కేమో ప్యూమాతో ఒప్పందం. ఆయన చొక్కాకి మాత్రం రెండే చారలు! ఫొటో వెతికి లెక్కపెట్టుకో. 1992 బార్సిలోనా ఒలింపిక్స్‌లో మైకేల్ జోర్డాన్ నైకీ మనిషి. పతకం అందుకునేటప్పుడు వేసుకోవాల్సిన జాకెట్ మీద రీబాక్ పేరుంది. భుజం మీద జెండా కప్పుకుని ఆ పేరు దాచేశాడు.

వాళ్లు క్రైఫ్‌లూ జోర్డాన్‌లూ కాబట్టి చెల్లింది. నువ్వు చొక్కా కోసం పోట్లాడకు. రేపు జాతీయ జట్టులోకి తీసుకుంటే సంఘం ఏది ఇస్తే అది తొడుక్కో. కానీ ఇన్ని గొడవల తర్వాత పెద్ద ఆటల్లో ఒక గీత నిలబడింది, అది చూడు. ఫుట్‌బాల్‌లో చొక్కా జట్టుది, బూట్లు ఆటగాడివి. క్రికెట్‌లో చొక్కా బోర్డుది, బ్యాటు ఆటగాడిది. కప్పుకునే గుడ్డ మీద ఎవరి పేరున్నా ఆట చెడదు. ఆడించే వస్తువు మాత్రం ఆడేవాళ్ల చేతిలో ఉండాలి. నీ కాగితాల్లో ఆ గీత లేదు. రిస్ట్‌బ్యాండు నుంచి బూటు లేసు దాకా అన్నీ మా సరుకే, ప్రాక్టీసులో కూడా, అని ఉంది.

నా కాలి సంగతి నీకు తెలుసనుకుంటున్నావు. బావి గట్టు దగ్గర జారిపడ్డానని మీ అమ్మకి చిన్నప్పుడు చెప్పిన మాటే ఇంట్లో స్థిరపడిపోయింది. బావి కాదు.

మేం ఆడింది బాల్ బ్యాడ్మింటన్. మట్టి కోర్టు, పసుపు ఊలు బంతి, అయిదుగురి జట్టు. నేను ఫ్రంట్ ఆడేదాన్ని, ఒట్టి కాళ్లతో. నేల ఎక్కడ జారుతుందో కాలివేళ్లకి ముందే తెలిసిపోయేది. ఆ ఏడు రాష్ట్ర పోటీలకి ఖర్చు పెట్టుకుంటానని ఒక వ్యాపారి ముందుకొచ్చాడు. రైలు చార్జీలు, భోజనాలు, వీపు మీద దుకాణం పేరు ఎర్ర గుడ్డ అక్షరాలతో కుట్టిన తెల్ల చొక్కాలు. చెమటకి ఆ రంగు దిగి మా వీపులు ఎర్రబడితే ఒకరివి ఒకరం చూసి నవ్వుకునేవాళ్లం. వాటితో పాటు కాన్వాసు బూట్లు. గుంపగుత్తగా కొన్నారు, అన్నీ ఒకే సైజు. ముందు దూది కుక్కితే గానీ నా కాలికి ఆగేవి కావు, వెనక గట్టి అంచు మడమని గీరేసేది. బూట్లు లేకుండా దిగుతానన్నాను. ఫొటో తీస్తారు, అందరి కాళ్లకీ అవే ఉండాలి, నీకు ఇష్టం లేకపోతే ఇంకో అమ్మాయిని దించుతాం అన్నారు. వేసుకున్నాను. సెమీఫైనల్లో నెట్ దగ్గర పడిన బంతికి అడుగేశాను. దూది పక్కకి జరిగింది. కాలొకవైపు, బూటొకవైపు. వెనక టప్పుమని వినిపిస్తే ఎవరో బంతి కొట్టారనుకున్నాను. మడమ వెనక నరం తెగిన చప్పుడది.

స్పోర్ట్స్ కోటాలో రావాల్సిన ఉద్యోగం పోయింది. కుదిరిన సంబంధం కూడా పోయింది, దానికి మాత్రం బాధ లేదు, మీ తాతయ్య దొరికారు. ఆ వ్యాపారి చెడ్డవాడు కాదు సుమా. ఇంటికొచ్చి మందుల ఖర్చు ఇచ్చి వెళ్లాడు. జట్టు వెంట వచ్చిన మాస్టారూ చెడ్డవాడు కాదు. చెడ్డవాళ్లెవరూ లేకుండానే నా ఆట అయిపోయింది. అందుకే, కంపెనీవాళ్లు చాలా మంచివాళ్లు అమ్మమ్మా అని నువ్వంటుంటే నాకు ధైర్యం రావడం లేదు.

ఇప్పటి సంగతి చెప్పాలంటే నోరు చేదవుతుంది. మొన్న మండలం కబడ్డీ పోటీల్లో బహుమతులివ్వడానికి పిలిస్తే వెళ్లాను. ఏడో తరగతి ఆడపిల్లల వీపుల మీద రియల్ ఎస్టేట్ వెంచరు పేరు, గజం రేటు, ఫోన్ నంబరు. రైడుకెళ్లిన పిల్ల నంబరెంతో స్కోరు రాసేవాడికి కనబడక అల్లాడిపోతున్నాడు. భారత క్రికెట్ జట్టు చొక్కా మీదయినా ఏ పేరు నిలిచింది? 2025లో ఆన్‌లైన్ డబ్బు ఆటల మీద చట్టం రాగానే డ్రీమ్ ఎలెవన్ పోయింది. ఆసియా కప్‌కి ఖాళీ చొక్కాలతో వెళ్లి గెలిచారు.

సరే, ఇక పని చూద్దాం.

వీడియోకాల్‌లో నువ్వు మెట్లు దిగుతున్నప్పుడు నీ కుడికాలు చూశాను. మీ అమ్మ చెప్పలేదు, నువ్వూ చెప్పలేదు. ట్రయల్‌కని వాళ్లిచ్చిన బూట్లు రేపు పొద్దున్నే తీసి అట్టపెట్టెలో పెట్టెయ్యి. పాతవి వేసుకో. ఈ వారంలోనే ఎముకల డాక్టరుకి చూపించు. కోచ్‌కి చెప్పు, టోర్నీకి పేరు తీసేస్తారని దాచకు.

నీకింకా పద్దెనిమిది నిండలేదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం కింద మైనరు చేసిన ఒప్పందం చెల్లదు, అందుకే మీ నాన్న సంతకం అడుగుతున్నారు. రేపు తేడా వస్తే వాళ్లు పట్టుకునేది ఆయన్ని. బూట్ల మాట కొట్టేయించండి. కుదరదంటే, డాక్టరు గానీ కోచ్ గానీ వద్దన్న రోజున కంపెనీ పేరు కనబడకుండా వేరే బూట్లు వేసుకోవచ్చని రాయించండి. దానికీ ఒప్పుకోకపోతే లేచి వచ్చెయ్యండి. సంఘం వేరే దుస్తులు వేసుకోమంటే నీ మీద జరిమానా పడకూడదని కూడా ఉండాలి. 2021లో టోక్యో ఒలింపిక్స్‌కి ముందు లీ నింగ్ దుస్తులు ఆర్భాటంగా చూపించి, విమర్శలు రాగానే మన ఒలింపిక్ సంఘం కొద్దిరోజుల్లో వద్దనేసింది. పైన ఇలాంటివి ఎప్పుడైనా మారతాయి. గాయంతో ఆడని నెలలకి సగం డబ్బు కోస్తామన్న చోట, ఆ గాయం వాళ్ల సరుకు వల్లే అయితే ఏంటని అడగండి. గడువయ్యాక ఎవరెంత ఇస్తామన్నా ముందు మాకు చూపించాలి అన్న పేరా మీ నాన్నకి మర్యాదలా కనిపించింది. అది మెడకి పలుపు. తీసెయ్యమనండి.

రీలు చేస్తే ఇరవై వేలిస్తామన్న ఆ గేమ్ యాప్ వాళ్ల నంబరు బ్లాక్ చెయ్యి. డబ్బు ఆటల మీద వచ్చిన ఆ కొత్త చట్టంలో ప్రచారం చేసినవాళ్లకి కూడా రెండేళ్ల దాకా జైలుశిక్ష రాసి ఉంది. దాని మీద చర్చ లేదు.

పొలం మీద అప్పుకి వడ్డీ సంగతి నాకొదిలెయ్. పోస్టాఫీసులో నా డబ్బు ఉగాదికి చేతికొస్తుంది. మీ నాన్న మొహమాటపడతారు, నేనే ఫోన్ చేస్తాను. కూకట్‌పల్లిలో నా పాత విద్యార్థి ఒకతను లాయరు. ఆదివారం పదింటికి రమ్మన్నాడు, నంబరు మీ అమ్మకి పంపాను. కాగితాలన్నీ తీసుకెళ్లండి, నేను గీతలు పెట్టినవి కూడా. ఫీజు వద్దంటాడు. ఇచ్చి రండి.

మీ అమ్మమ్మ