ముగ్గు బాగుందా? పిండి బాగుందా?

తెల్లవారుజామునే లేచి, నడుము పడిపోయేలా వంగి, వాకిట్లో ఇరవై ఒక్క చుక్కల ముగ్గు పెట్టారనుకోండి. దారిన పోయే ఒకావిడ ఆగి చూసి, "అబ్బ! మీ ముగ్గుపిండి ఎంత తెల్లగా ఉందండీ! ఎక్కడ కొన్నారు?" అందనుకోండి. మీకెలా ఉంటుంది?

సరిగ్గా ఆ పనే నేను చేశాను. కాకపోతే అది ముగ్గు కాదు, ఫొటో.

మా పక్కింటి వదినగారికీ నాకూ ఫొటోలు తీసే సరదా ఉంది. ఇద్దరమూ ఎవరి దగ్గరా నేర్చుకున్నవాళ్లం కాదు. పిల్లల చదువులూ, పెళ్లిళ్లూ అయ్యాక, కాస్త తీరిక చిక్కి, చేతిలో ఉన్న ఫోనుతోనే మొదలుపెట్టాం. ఆవిడ తీసినవి నేనూ, నేను తీసినవి ఆవిడా చూసుకుని "బాగుంది" అనుకోవడమే మా పోటీ, మా బహుమతి ప్రదానమూను.

కిందటేడు ఇద్దరం కలిసి పాలంపేట వెళ్లాం, రామప్ప గుడి చూడడానికి. కాకతీయ గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన గుడి అది. 2021లో యునెస్కోవారు ప్రపంచ వారసత్వ కట్టడాల్లో చేర్చారు. ఆ గుడి చూరు కింద నల్లరాతి మదనికలుంటారు. వాళ్లలో ఒకావిడ కాళ్లకి అచ్చం ఈనాటి ఎత్తుమడమల చెప్పుల్లాంటివే ఉంటాయి. వెళ్లినవాళ్లంతా ఆమెను ఫొటో తీసుకుంటారు. నేనూ తీశాను, మెడ పట్టేసేదాకా, పదకొండుసార్లు.

ఇంటికొచ్చాక వదినగారు తన ఫోను నా చేతికిచ్చారు. బొమ్మలో పైన ఒక మదనిక. కింద, ఆవరణ ఊడుస్తున్న ఒక ముసలమ్మ. ఊడ్చి ఊడ్చి నడుము నొప్పి పుట్టిందేమో, చీపురు పట్టుకునే లేచి నిలబడి, ఒక చెయ్యి నడుముమీద ఆనించి కాస్త పక్కకి ఒరిగింది. పైన రాతిబొమ్మా అలాగే ఒరిగి ఉంది. ఎనిమిది వందల ఏళ్లనాటి ఒంపూ, ఆ పూటి ఒంపూ ఒక్కటే. పైది నాట్యం, కిందిది నొప్పి.

ఆ ముసలమ్మను నేనూ చూశాను. చూడడమేమిటి, "కాస్త పక్కకి జరుగమ్మా, ఫొటోకి అడ్డమొస్తున్నావు" అన్నదాన్ని నేనే!

ఆ బొమ్మ చూసి నేనన్న మాట ఏమిటో తెలుసా? "మీ ఫోను ఖరీదైంది కదండీ, అందుకే ఇంత బాగా వచ్చింది!"

వదినగారు నవ్వి ఊరుకున్నారు. ఆ తర్వాత రెండు నెలలు నాకు ఒక్క ఫొటో చూపించలేదు.

ఎందుకలా అన్నానా అని నన్ను నేనే నిలదీసుకున్నాను. ఫోనుని మెచ్చుకుంటే నాకు పోయేదేమీ లేదు. డబ్బు కూడబెడితే అలాంటిది నేనూ కొనుక్కోగలను. చూపుని మెచ్చుకోవాలంటే మాత్రం ఒక మాట ఒప్పుకోవాలి. నేనూ అక్కడే ఉన్నాను, నాకూ రెండు కళ్లున్నాయి, అయినా నాకు కనబడలేదు. ఆ ఒప్పుకోలు గొంతు దాటి రాదు. ఎక్కడో ఉన్న పేరున్న ఫొటోగ్రాఫరయితే చప్పట్లు కొట్టడం తేలిక. పక్కింటావిడ దగ్గరికొచ్చేసరికి పెరటి చెట్టు మందుకు రాదు!

అయితే ప్రతిదానికీ "బాగుంది, బాగుంది" అంటూ పోవాలా అని మీరడగవచ్చు. అక్కర్లేదు. అది పేరంటంలో తాంబూలంలాంటిది, వచ్చినవాళ్లందరికీ ఒకటే. మర్యాదే గానీ మెప్పు కాదు.

మరి మెప్పంటే ఏమిటి? నాకు ఆ సంగతి జూలియా మార్గరెట్ కామెరన్ కథ చెప్పింది. 1815లో మన కలకత్తాలో పుట్టిన ఇంగ్లీషావిడ. 1863లో, ఆవిడకి 48 ఏళ్లప్పుడు, కూతురూ అల్లుడూ కాలక్షేపానికని ఒక కెమెరా బహూకరించారు. ఆవిడ కోళ్ల గూడుని స్టూడియో చేసేసింది, బొగ్గుల కొట్టుని చీకటిగది చేసేసింది! ఆ రోజుల్లో గాజు పలకకి మందు పూసి, తడి ఆరకముందే ఫొటో తీసి కడగాలి. ఆవిడ బొమ్మలు కాస్త మసకగా ఉండేవి. ఫొటోగ్రఫీ పండితులు ఆ మసకనీ, పలకమీది మరకలనీ, వేలిముద్రలనీ ఎంచి ఎత్తిచూపారు. వాళ్లన్నదీ అబద్ధం కాదు, మరకలున్న మాట నిజమే.

కానీ ఖగోళ శాస్త్రజ్ఞుడు సర్ జాన్ హెర్షెల్ ఆవిడకి పాత మిత్రుడు. ఫొటో చెరిగిపోకుండా నిలబెట్టే హైపో గుణాన్ని కనిపెట్టినవాడే ఆయన. మరకలేమిటో ఆయనకి తెలియకపోలేదు. ఆవిడ తీసిన ఒక అమ్మాయి బొమ్మ చూసి, 1866లో ఆయన ఉత్తరం రాశాడు. ఆ పిల్ల ప్రాణంతో ఉండి, కాగితంలోంచి తల బయటికి పెట్టినట్టుందని మెచ్చుకున్నాడు. కెమెరా మాట కాదు, మరకల మాట కాదు. ఆవిడ ఏం చూసి ఆ బొమ్మ తీసిందో, అది తనకీ కనబడిందని చెప్పాడు.

ఇది చదివిన సాయంత్రమే వదినగారింటికి వెళ్లాను. "వదినగారూ, ఆ ముసలమ్మ నిలబడిన తీరూ, మదనిక నిలబడిన తీరూ ఒకటేనని మీకెలా తట్టిందండీ? నేనైతే ఆవిణ్ణి పక్కకి జరగమన్నాను" అన్నాను. చెబుతుంటే సిగ్గేసింది కూడా.

ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లిగా, "మా అమ్మ ఇల్లంతా ఊడ్చి అలాగే నిలబడేదండీ" అన్నారు.

ఏ ఫోను కొంటే వస్తుంది ఆ చూపు?

లేచి లోపలికి వెళ్లి ఫోను తెచ్చారు. రెండు నెలల ఫొటోలూ చూస్తూ కూర్చున్నాం. పొయ్యిమీద పాలు పొంగిపోయిన సంగతి ఇద్దరికీ తెలియలేదు.

ఈసారి ఎవరి వాకిట్లోనైనా మంచి ముగ్గు కనబడితే, పిండి సంగతి తర్వాత అడుగుదురు గాని. ముందు ఏ చుక్క దగ్గర గీత తిప్పారో అది చూడండి. చూసి, ఆ మాటే ఆవిడతో చెప్పండి.